వేసవి వేట నిషేధం (నెల్లూరు తీరం)

వేసవి వేట నిషేధం అనగా ప్రతి సంవత్సరం ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు, భారతదేశపు తూర్పు తీరంలో మరబోట్లతోను, ఇంజను అమర్చిన పడవలతోను సముద్రంలో చేపలు పట్టడాన్ని నిలిపివేసే ప్రభుత్వ ఏర్పాటు. దీనికి వేట విరామం అనే పేరు కూడా వాడుకలో ఉంది. చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టి సంతతిని వృద్ధి చేసుకొనే కాలంలో వాటికి ఊపిరి తీసుకొనే వ్యవధి ఇవ్వడం దీని ఉద్దేశం. ఈ రెండు నెలలు సముద్రం మీద ఆధారపడిన కుటుంబాలకు రాబడి ఉండదు. అందువలన నిషేధంతో పాటు భృతి, పొదుపు, సహకార సంఘాల అప్పులు, ఊరి పెద్దల కట్టుబాట్లు, వేసవి కూలిపనులు అన్నీ కలిసి ఒక వ్యవస్థగా ఏర్పడ్డాయి. ఈ వ్యాసంలో ఆ వ్యవస్థ నెల్లూరు తీరంలో ఎలా నడుస్తున్నదో వివరించబడింది.

నెల్లూరు తీరం

ఉమ్మడి నెల్లూరు జిల్లాకు సుమారు 169 కిలోమీటర్ల సముద్రతీరం ఉండేది. ఉత్తరాన కావలి మొదలుకొని బోగోలు, అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు, చిల్లకూరు, కోట, వాకాడు మండలాల మీదుగా దక్షిణాన పులికాట్ సరస్సు, శ్రీహరికోట వరకు ఈ తీరం సాగుతుంది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో దక్షిణ భాగం తిరుపతి జిల్లాలో చేరింది. ఉత్తరాన కందుకూరు వైపు కొంత ప్రాంతం నెల్లూరులో కలిసింది. పాలనా సరిహద్దులు మారినా మత్స్యకారుల బంధుత్వాలు, వలల తగాదాలు, చేపల బేరాలు పాత తీరాన్నే అనుసరిస్తున్నాయి కనుక ఇక్కడ "నెల్లూరు తీరం" అన్నప్పుడు పాత జిల్లా తీరమనే గ్రహించాలి.

పెన్నా నది ఊటుకూరు వద్ద సముద్రంలో కలుస్తుంది. తీరానికి సమాంతరంగా బకింగ్‌హామ్ కాలువ పోతుంది. తుమ్మలపెంట, జువ్వలదిన్నె, ఇసకపల్లి, రామతీర్థం, మైపాడు, కోడూరు, కృష్ణపట్నం, తూపిలిపాళెం మొదలైనవి పేరున్న తీరగ్రామాలు. వీటి పక్కనే కాలువకు, సముద్రానికి మధ్య ఇసుకదిబ్బల మీద మత్స్యకారుల ఆవాసాలు ఉంటాయి. వీటిని పట్టపుపాళేలు అంటారు. ఇక్కడి సముద్ర మత్స్యకారులలో పట్టపు కులస్థులు అధికం. పల్లెకారులు కూడా ఉన్నారు. కాలువలు, వాగులు, సరస్సులలో పీతలు, రొయ్యలు పట్టే యానాదులు మరొక ముఖ్యమైన వర్గం. వారి సంగతి క్రింద వేరుగా వస్తుంది.

ఈ తీరంలో సహజమైన రేవులు తక్కువ. పడవలను అలలు దాటించి ఇసుక మీదికి లాగడమే రివాజు. అందువలన విశాఖపట్నం, కాకినాడలలో వలె పెద్ద మరబోట్లు ఇక్కడ చాలా తక్కువ. పూర్వం దుంగలు కట్టిన తెప్పలు, కొయ్య నావలు ఉండేవి. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ ఈ తీరంలో ప్రాణనష్టంతో పాటు పడవలకు, వలలకు తీవ్ర నష్టం కలిగించింది. ఆ తరువాత ప్రభుత్వం, స్వచ్ఛంద సంస్థలు ఇచ్చిన సహాయంతో ఫైబరు పడవలు, చిన్న ఇంజన్లు వేగంగా వ్యాపించాయి. దీని ఫలితం ఒకటి గమనించదగినది. ఇంజను లేని తెప్ప వేట నిషేధం పరిధిలోకి రాదు, ఇంజను బిగించిన పడవ వస్తుంది. కనుక సునామీ తరువాతి సహాయమే అనేక కుటుంబాలను నిషేధం పరిధిలోకి తెచ్చిందని చెప్పవచ్చును.

జువ్వలదిన్నెలో చేపల రేవు నిర్మాణానికి 2020 నవంబరులో శంకుస్థాపన జరిగింది. ఈ తీరపు మత్స్యకారులు పెద్ద బోట్లు నిలుపుకొని లోతు సముద్రంలో వేట సాగించడానికి వీలు కల్పించడం దాని లక్ష్యం.

నిషేధానికి ఆధారం

రాష్ట్రాలకు తీరం నుండి 12 నాటికల్ మైళ్ళ వరకు గల ప్రాదేశిక జలాలలో చేపల వేటపై అధికారం ఉన్నది. అక్కడి నుండి 200 నాటికల్ మైళ్ళ వరకు గల ప్రత్యేక ఆర్థిక మండలం కేంద్ర ప్రభుత్వం పరిధిలోనిది. అందువలన ప్రతి సంవత్సరం రెండు ఉత్తర్వులు వెలువడతాయి. రాష్ట్ర ఉత్తర్వు ఆంధ్రప్రదేశ్ సముద్ర మత్స్య నియంత్రణ చట్టం, 1994 ప్రకారం వస్తుంది. ఈ చట్టం క్రింద రూపొందిన నియమాల ప్రకారం తీరం నుండి 8 కిలోమీటర్ల వరకు సంప్రదాయ మత్స్యకారులకే కేటాయించబడింది. మరబోట్లు దానికి ఆవలనే వేటాడాలి.

పశ్చిమ తీరంలో నిషేధం జూన్ 1 నుండి జూలై 31 వరకు ఉంటుంది. కేరళలో ట్రాలింగుపై వర్షాకాలపు నిషేధం 1988లో ప్రారంభమయింది. తెలుగు తీరంలో ఇది ఈ శతాబ్దపు తొలి సంవత్సరాలలో స్థిరపడింది. మొదట ఏప్రిల్ 15 నుండి మే 31 వరకు ఉండేది. 2014లో కేంద్రం నియమించిన సాంకేతిక సంఘం సిఫారసు మేరకు 2015 నుండి 61 రోజులకు పెంచారు. 2020లో కోవిడ్ లాక్‌డౌన్ వలన అప్పటికే వేట దినాలు పోయినందున ఆ ఒక్క సంవత్సరం తూర్పు తీరంలో నిషేధాన్ని మే 31తోనే ముగించారు. దక్షిణ చైనా సముద్రంలో చైనా ప్రభుత్వం 1999 నుండి అమలు చేస్తున్న వేసవి నిషేధం కూడా ఈ కోవకు చెందినదే.

నిషేధాన్ని ఉల్లంఘించిన పడవను, వలలను, పట్టిన చేపలను స్వాధీనం చేసుకొనే అధికారం మత్స్యశాఖకు ఉన్నది. జరిమానా విధిస్తారు, డీజిలు రాయితీని, ఇతర ప్రభుత్వ సౌకర్యాలను నిలిపివేస్తారు. చిన్న పడవ యజమానికి జరిమానా కంటే రాయితీ, భృతి పోవడమే పెద్ద శిక్ష.

జీవశాస్త్రం దృష్ట్యా ఒక మాట చెప్పాలి. ఉష్ణమండల సముద్రాలలో అన్ని చేపలూ ఒకే కాలంలో గుడ్లు పెట్టవు. కొన్ని జాతులు సంవత్సరంలో అనేక మాసాల పాటు, కొన్ని రెండు విడతలుగా గుడ్లు పెడతాయి. వంజరం, చందువ, కానాగంత, కవళ్ళు, నెత్తళ్ళు, రొయ్యలు అన్నింటికీ సరిగా సరిపోయే 61 రోజులు ఏవీ లేవు. కనుక ఈ నిషేధం వలన కలిగే ప్రధాన ప్రయోజనం సంవత్సరంలో ఆరవ వంతు కాలం వేట ఒత్తిడి తగ్గడం, సముద్రపు అడుగును గీరే ట్రాలు వలలకు విరామం రావడం. నెల్లూరు మత్స్యకారుల వాదన కూడా ఇక్కడి నుండే మొదలవుతుంది. అడుగును గీరే బోట్లు తమవి కావు, కాని విశ్రాంతి భారం తమ మీద కూడా సమానంగా పడుతున్నదని వారు అంటారు. ఈ వాదనను తేలికగా కొట్టివేయడానికి వీలు లేదు.

దక్షిణాది నుండి వచ్చే మరబోట్లను ఇక్కడ సోనాబోట్లు అంటారు. తమిళనాడులోని కడలూరు తదితర ప్రాంతాల నుండి వచ్చే ఈ బోట్లు తీరానికి దగ్గరగా వేటాడి స్థానికుల వలలను తెంచివేస్తున్నాయని చాలాకాలంగా ఫిర్యాదులు ఉన్నాయి. పాళేలవారు సముద్రంలోకి వెళ్ళి ఆ బోట్లను పట్టి ఒడ్డుకు తెచ్చిన సందర్భాలు అనేకం. తమిళనాడులో కూడా నిషేధం ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకే కనుక ఈ రెండు నెలలు ఆ పోరు సద్దుమణుగుతుంది. జూన్ 15 తరువాత మళ్ళీ మొదలవుతుంది.

రాబడి ఎలా ఆగిపోతుంది

పడవ మీద వచ్చిన రాబడిని వాటాలుగా పంచుకోవడం తీరమంతటా ఉన్న పద్ధతి. డీజిలు, మంచు వంటి ఖర్చులు తీసివేసిన తరువాత పడవకు, వలకు, ఇంజనుకు కొన్ని వాటాలు, వేటకు వెళ్ళిన ప్రతి మనిషికి ఒక వాటా వస్తాయి. నెలజీతం అనేది లేదు. అందువలన పడవ ఒడ్డున ఉన్న నాడు కూలివానికి వచ్చేది ఏమీ ఉండదు. యజమానికి అంతకంటే కష్టమైన పరిస్థితి. పడవకు మరమ్మతు చేయించడానికి, ఇంజను విప్పించడానికి, వలలు కొత్తవి కట్టుకోవడానికి అనువైన కాలం ఇదే. అంటే రాబడి లేని రెండు నెలలలోనే సంవత్సరపు పెద్ద ఖర్చు వచ్చి పడుతుంది.

ఈ ఖర్చుకు డబ్బు ఎక్కువగా చేపల వ్యాపారి వద్ద నుండి వస్తుంది. వ్యాపారి ముందుగా పెట్టుబడి ఇస్తాడు. తీసుకున్నవాడు తరువాత పట్టిన చేపలను అతనికే అమ్మాలి. వడ్డీ కాగితం మీద కనిపించదు, చేపల ధర తగ్గింపులో కనిపిస్తుంది. మే నెలలో తీసుకున్న అప్పు సంక్రాంతి వరకు బేరమాడే హక్కును తీసివేస్తుందన్న మాట. వేట నిషేధ భృతి గురించి జరిగే చర్చలన్నింటిలోను అసలు ప్రశ్న ఇదే: రెండు నెలల తిండి గడవడం ఒకటి, మిగిలిన పది నెలల పంటను ముందుగానే తాకట్టు పెట్టకుండా ఉండడం మరొకటి.

పడవ మీద లేని పనివారు కూడా ఉన్నారు. చేపలు గంపలలో ఎత్తుకొని నెల్లూరు, కావలి, గూడూరు సంతలకు, పరిసర గ్రామాలకు వెళ్ళి అమ్మే స్త్రీలు, చేపలు ఎండబెట్టేవారు, మంచు కొట్టేవారు, ఒడ్డున పడవలు లాగేవారు వీరిలో కొందరు. వీరికి కూడా ఏప్రిల్ 15తో పని ఆగిపోతుంది. ముందుచూపు గల స్త్రీలు మార్చి, ఏప్రిల్ మాసాలలో నెత్తళ్ళు, సొర, కవళ్ళు ఎండబెట్టి నిలవ ఉంచుకుంటారు. తాజా చేప దొరకని రోజులలో ఎండుచేపలకు మంచి గిరాకీ ఉంటుంది. ఇంటిలో రాబడి అంటూ ఉంటే ఆ రెండు నెలలు అది వీరి గంపలో నుండే వస్తుంది.

మరొక ఇబ్బంది అంతగా చర్చకు రాలేదు. పాఠశాలల వేసవి సెలవులు ఏప్రిల్ చివరి వారం నుండి జూన్ రెండవ వారం వరకు ఉంటాయి. అనగా దాదాపు నిషేధ కాలమంతా బడి మూసివుంటుంది, బడిలో మధ్యాహ్న భోజనం ఉండదు. కరవు ప్రాంతాలలో వేసవి సెలవులలో కూడా భోజనం పెట్టాలని 2004లో సుప్రీంకోర్టు ఆదేశించింది. తీరప్రాంతపు వేట నిషేధం కరవు లెక్కలోనికి రాదు. కనుక ఇంటిలో సంపాదన ఆగిన కాలంలోనే పిల్లల ఒక పూట భోజనం కూడా ఇంటి మీదికి వస్తుంది. అంగన్‌వాడీలు తెరిచివుండే ఊళ్ళలో చిన్నపిల్లల వరకు ఆ లోటు కొంత తీరుతుంది.

భృతి

తొలి సంవత్సరాలలో ప్రభుత్వ సహాయం బియ్యం రూపంలో ఉండేది. కుటుంబానికి 31 కిలోల బియ్యం ఇచ్చేవారు. తరువాత నగదు వచ్చింది. 61 రోజుల నిషేధం వచ్చిన కాలంలో ఇది 4,000 రూపాయలు. 2019 నవంబరు 21న, ప్రపంచ మత్స్య దినోత్సవం నాడు, తూర్పు గోదావరి జిల్లా ముమ్మిడివరం ప్రాంతంలో ప్రారంభించిన వైఎస్సార్ మత్స్యకార భరోసా పథకంతో దీనిని 10,000 రూపాయలకు పెంచారు. అదే సందర్భంలో డీజిలుపై రాయితీని లీటరుకు 6 రూపాయల 3 పైసల నుండి 9 రూపాయలకు, వేటలో మరణించినవారి కుటుంబాలకు ఇచ్చే పరిహారాన్ని 5 లక్షల నుండి 10 లక్షల రూపాయలకు పెంచారు. 2025లో "మత్స్యకార సేవలో" అనే పేరుతో భృతి 20,000 రూపాయలు అయింది. దీనిని ఆ సంవత్సరం ఏప్రిల్ 26న శ్రీకాకుళం జిల్లా బుడగట్లపాలెంలో ప్రారంభించారు. రాష్ట్రమంతటా సుమారు 1.29 లక్షల కుటుంబాలకు ఆ విడత వర్తించింది.

ఈ అంకెలను 61 రోజులకు పంచి చూస్తే మార్పు స్పష్టంగా తెలుస్తుంది. 4,000 రూపాయలంటే రోజుకు సుమారు 66 రూపాయలు, 10,000 అంటే 164, 20,000 అంటే 328. మొదటి మొత్తం కుటుంబానికి ఉప్పు, పప్పులకే సరిపోదు. చివరిది ఒక మనిషి వ్యవసాయ కూలికి దగ్గరగా వస్తుంది. అయితే అది ఇంటిలో ఎందరు వేటకు వెళ్ళేవారున్నా కుటుంబానికి ఇచ్చే మొత్తమని గుర్తుంచుకోవాలి.

మొత్తంతో పాటు తేదీ కూడా ముఖ్యమే. 2019 సంవత్సరపు నిషేధం జూన్‌లో ముగిసింది, పెంచిన భృతి నవంబరులో చేతికి వచ్చింది. 2020లో మే 6న పంపిణీ చేశారు. నిషేధం మొదటి వారంలో వచ్చిన డబ్బు వ్యాపారి వద్దకు పోకుండా ఆపగలదు. నిషేధం ముగిశాక వచ్చిన డబ్బు వ్యాపారికి చేరుతుంది.

లబ్ధిదారుల ఎంపిక ఇసుక మీదనే మొదలవుతుంది. నిషేధం ప్రారంభమైన తొలి దినాలలో మత్స్యశాఖ సిబ్బంది పాళెం పాళేనికి వెళ్ళి ఒడ్డున నిలిపిన పడవలను, వాటి నమోదు సంఖ్యలను, వాటి మీద పనిచేసేవారిని లెక్కిస్తారు. పడవ నమోదై ఉండాలి, దానికి లైసెన్సు ఉండాలి. పనివారు 18 నుండి 60 సంవత్సరాల లోపువారై ఉండాలి. పడవ రకాన్ని బట్టి ఇంతమంది అని పరిమితి ఉంటుంది. జాబితాను గ్రామంలో ప్రదర్శించి అభ్యంతరాలు స్వీకరిస్తారు. ఈ పద్ధతిలో కాగితం లేని పడవ, పడవ లేని మనిషి రెండూ లెక్క తప్పుతాయి. తెప్ప మీద వేటాడేవారిని నిషేధం ఆపకపోయినా 2019 నుండి భృతిలో చేర్చారు. ఇది మంచి సవరణ, ఎందుకంటే వేసవిలో చిన్న తెప్పకు దొరికే చేప చాలా తక్కువ.

కేంద్ర ప్రభుత్వపు పొదుపు, సహాయ పథకం దీనికి భిన్నమైనది. అందులో మత్స్యకారుడు వేట ఉన్న నెలలలో కొంత కొంత దాచుకుంటాడు. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన క్రింద లబ్ధిదారు 1,500 రూపాయలు దాచుకుంటే ప్రభుత్వం తరఫున 3,000 రూపాయలు కలిపి, మొత్తం 4,500 రూపాయలను వేట లేని మూడు నెలలలో తిరిగి ఇస్తారు. మొత్తం చిన్నదైనా ఆలోచన మెచ్చదగినది.

సంఘాలు, కట్టుబాట్లు

ప్రభుత్వ భృతికి ముందునుండే పాళేలలో పరస్పర సహాయానికి తమవైన మార్గాలు ఉన్నాయి. ప్రతి పాళెంలోను కాపులు అని పిలువబడే పెద్దలు ఉంటారు. ఎప్పుడు వేటకు పోవాలి, ఏ వల వాడరాదు, తగాదా ఎలా తీర్చాలి అనేవి వారి సమక్షంలో నిర్ణయిస్తారు. వారు వేసే ఆజ్ఞను దురాయి అంటారు. దురాయి వేసిన నాడు ఎవరూ సముద్రం మీదికి పోరు. గంగమ్మ కొలుపులకు, ఊరిలో చావుకు, సోనాబోట్లపై పోరాటానికి దురాయి వేయడం ఆనవాయితీ. ఉమ్మడి రాబడి నుండి గుడికి, కొలుపులకు, ఆపదలో ఉన్న ఇంటికి ఖర్చు పెట్టడం కూడా పెద్దల చేతిలోనిదే. ప్రభుత్వ నిషేధం కంటే దురాయికి ఎక్కువ కట్టుబడతారని తీరప్రాంతం తెలిసినవారు అంటారు. దీనికి మరొక వైపు ఉన్నది. దురాయిని మీరినవారికి జరిమానాలు, వెలివేతలు విధించిన ఉదంతాలు పోలీసుల వరకు వెళ్ళాయి. ఇటువంటి శిక్షలకు చట్టం అంగీకరించదు. స్త్రీలకు ఈ సభలలో స్థానం దాదాపు లేదు.

మత్స్యకార సహకార సంఘాలు రెండవ అంచె. ఇవి 1964 నాటి సహకార సంఘాల చట్టం క్రింద, 1995 తరువాత కొన్ని పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం క్రింద నమోదయ్యాయి. వలలు, ఇంజన్లు రాయితీపై ఇప్పించడం, సభ్యులను ప్రమాద బీమాలో చేర్పించడం, పడవల నమోదుకు కాగితాలు సమకూర్చడం వీటి ముఖ్యమైన పనులు. బాగా నడిచే సంఘం ఉన్న ఊరిలో భృతి జాబితాలో పేరు తప్పిపోయినప్పుడు అడిగే మనిషి ఉంటాడు. పేరుకు మాత్రమే ఉన్న సంఘాలు కూడా తక్కువేమీ కావు.

స్త్రీల పొదుపు సంఘాలు మూడవ అంచె. వేసవి గడవడంలో వీటి పాత్ర మిగిలిన రెండింటికంటే పెద్దదని చెప్పవచ్చును. పొదుపు ఉద్యమానికి నెల్లూరు జిల్లా పుట్టిల్లు వంటిది. అక్షరదీపం అనే అక్షరాస్యతా కార్యక్రమం నేపథ్యంలో కలిగిరి మండలంలోని దూబగుంటలో స్త్రీలు 1992లో సారా వ్యతిరేక ఉద్యమాన్ని లేవదీశారు. దూబగుంట రోశమ్మ ఆ ఉద్యమానికి ప్రతీకగా ప్రసిద్ధి పొందింది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషేధించబడింది. సారాకు పోయే డబ్బును రోజుకొక రూపాయి చొప్పున దాచుకోవాలనే ఆలోచనతో జిల్లాలో "పొదుపు లక్ష్మి" సంఘాలు ఏర్పడ్డాయి. దూబగుంట మెట్ట గ్రామం, సముద్రానికి దూరం. అయినా ఆ పొదుపు అలవాటు పాళేలకు కూడా చేరింది. తరువాత మత్స్యశాఖ మత్స్యకార స్త్రీలతో మత్స్యమిత్ర సంఘాలను ఏర్పాటు చేయించింది.

ఈ సంఘాలకు వేసవిలో ఉన్న విలువ అప్పు తీసుకొనే చోటు మార్చడంలో ఉన్నది. వ్యాపారి ఇచ్చే అప్పుకు చేప తాకట్టు. సంఘం ఇచ్చే అప్పుకు తోటి సభ్యుల నమ్మకమే హామీ, వడ్డీ ఎంతో అందరికీ తెలుసు. ఏప్రిల్‌లో సంఘం నుండి కొంత తీసుకొని వల కట్టుకున్న ఇల్లు జూన్‌లో తన చేపను తనకు నచ్చిన ధరకు అమ్ముకోగలదు. అయితే వేట లేని నెలలలో కూడా వాయిదా కట్టాలి. బ్యాంకు వాయిదాల పట్టిక వ్యవసాయ కూలిని, పట్టణపు చిరువ్యాపారిని దృష్టిలో పెట్టుకొని తయారైనది. ఏప్రిల్, మే వాయిదాలు కట్టలేక సభ్యురాలు మళ్ళీ వ్యాపారి వద్దకే పోవడం ఈ విధానంలో ఉన్న లోపం.

వేసవి పనులు

నిషేధ కాలంలో పాళేలు ఖాళీగా ఉంటాయనుకోవడం పొరపాటు. పందిళ్ళ క్రింద, చెట్ల నీడన వలలు బాగుచేయడం, కొత్త వలలకు పూసలు, బెండ్లు కట్టడం, ఫైబరు పడవల పగుళ్ళకు అతుకులు వేయడం తెల్లవారకముందే మొదలై ఎండ ముదిరేసరికి ముగుస్తాయి. గంగమ్మకు, పోలేరమ్మకు కొలుపులు, పెండ్లిళ్ళు కూడా ఈ కాలంలోనే ఎక్కువ. అవి ఆనందంతో పాటు అప్పును కూడా తెస్తాయి.

కొందరు ఉప్పు కయ్యలలో పనికి వెళతారు. ఇసకపల్లి ప్రాంతం ఉప్పుకు ప్రసిద్ధి. ఎండ ఎంత తీవ్రంగా ఉంటే ఉప్పు అంత బాగా గడ్డకడుతుంది కనుక ఉప్పు పనికి, వేట విరామానికి కాలం కుదురుతుంది. కాని తెల్లని కయ్య మీద పడి తిరిగి కొట్టే ఎండలో, ఉప్పునీటిలో కాళ్ళు నానుతూ చేసే ఆ పని వడదెబ్బకు దగ్గరి దారి. 2015 మే నెలలో వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా మరణించారు. అప్పటి నుండి వేసవి పనివేళలు, చలివేంద్రాలు, మజ్జిగ పంపిణీ గురించి శ్రద్ధ పెరిగింది. స్వచ్ఛంద సంస్థలు, ఆలయాల కమిటీలు, వర్తక సంఘాలు బస్టాండ్ల వద్ద, కూడళ్ళ వద్ద చలివేంద్రాలు పెడతాయి. చుట్టూ నీడ లేని ఉప్పు కయ్యల వద్దకు ఆ కుండలు చేరడం అరుదు.

రొయ్యల చెరువులు మరొక ఆధారం. 1990లలో నెల్లూరు రొయ్యల రాజధానిగా పేరు పొందింది. 1994-95లలో తెల్లమచ్చల వ్యాధి, 1996 డిసెంబరులో తీరప్రాంత రొయ్యల సాగుపై సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆ ఊపును తగ్గించాయి. 2009లో వనామి రకానికి అనుమతి లభించిన తరువాత సాగు తిరిగి పుంజుకొన్నది. చెరువు కాపలా, మేత చల్లడం, పట్టుబడి రోజున వల లాగడం వంటి పనులు మత్స్యకారులకు దొరుకుతాయి. ధర పడిపోయిన సంవత్సరం ఆ పనులు కూడా ఉండవు.

వలస పోవడం చివరి మార్గం. చెన్నైలోని కాశిమేడు రేవులో కూడా ఈ రెండు నెలలు బోట్లు కదలవు కనుక అక్కడికి పోయినా వేటపని లేదు. పశ్చిమ తీరంలో నిషేధం జూన్ 1న మొదలవుతుంది. అందువలన ఏప్రిల్, మే నెలలలో అక్కడ పని ఉంటుంది. ఉత్తరాంధ్ర మత్స్యకారులు గుజరాత్‌కు పోయే వలస పెద్దది, నెల్లూరు తీరంలో అది అంతగా వేళ్ళూనలేదు.

లెక్కలోనికి రానివారు

2010 నాటి కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ గణన ప్రకారం అప్పటి ఆంధ్రప్రదేశ్ తీరంలో 555 మత్స్యకార గ్రామాలు, 353 చేపల ఒడ్డులు, 1,63,427 కుటుంబాలు, 6,05,428 మంది జనాభా ఉన్నారు. 2025లో భృతి పొందిన సుమారు 1.29 లక్షల కుటుంబాలతో దీనిని పోల్చితే, మధ్యలో గడచిన పదిహేనేళ్ళను విస్మరించినా, ఈ విధానం వెలుపల చాలా ఇళ్ళు ఉన్నాయని అర్థమవుతుంది. సముద్రంలో వేటాడే పడవే భృతికి కొలబద్ద కావడం దీనికి ప్రధాన కారణం. చేపలమ్మే స్త్రీకి, ముఖ్యంగా భర్త లేని స్త్రీకి, తనకంటూ పడవ ఉండదు.

యానాదుల పరిస్థితి మరింత చిక్కైనది. వీరు షెడ్యూల్డు తెగకు చెందినవారు. బకింగ్‌హామ్ కాలువ, ఉప్పుటేర్లు, పులికాట్ సరస్సు అంచులలో చేతితోను, చిన్న వలలతోను పీతలు, రొయ్యలు పడతారు. వారి వేటను నిషేధం ఆపదు, అందువలన భృతి లేదు. కాని వేసవిలో వాగులు ఎండిపోతాయి. పులికాట్‌ను సముద్రంతో కలిపే ముఖద్వారాలు ఇసుకతో పూడుకొనిపోతాయి. వాకాడు మండలం రాయదొరువు వద్ద గల ముఖద్వారపు పూడిక తీయాలన్నది ఎన్నో ఏళ్ళ కోరిక. ముఖద్వారం మూసుకొంటే సరస్సులోనికి రొయ్యపిల్ల, చేపపిల్ల రావు, నీటి ఉప్పదనం విపరీతంగా పెరుగుతుంది. ఉత్తర్వు ద్వారా వచ్చే విరామం సముద్ర మత్స్యకారునిది. ఎండ వలన వచ్చే విరామం యానాదిది. రెండవదానికి పథకం పేరు లేదు.

శ్రీహరికోట పరిసర గ్రామాలవారికి ఇంకొక విరామం కూడా ఉంటుంది. అంతరిక్ష కేంద్రం నుండి రాకెట్టు ప్రయోగించే రోజులలో నిర్ణీత ప్రాంతంలోనికి వేటకు వెళ్ళరాదని హెచ్చరికలు జారీ చేస్తారు. కృష్ణపట్నం వద్ద 2008లో ప్రారంభమైన ఓడరేవు, దాని చుట్టూ వెలసిన విద్యుత్కేంద్రాల వలన పూర్వపు వేట ప్రదేశాలకు దారి మారిందని, ఓడల రాకపోకల వలన వలలు తెగుతున్నాయని అక్కడి పాళేలవారు చెబుతారు. ఈ నష్టాలకు వేట నిషేధంతో సంబంధం లేకపోయినా, వేట దినాలు తగ్గిన కొద్దీ మిగిలిన దినాల రాబడి మీద భారం పెరుగుతుంది.

నిషేధం ముగిసిన తరువాత

జూన్ 14 అర్ధరాత్రితో నిషేధం ముగుస్తుంది. 15వ తేదీ వేకువన గంగమ్మకు పూజ చేసి, పడవకు పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి సముద్రం మీదికి వెళతారు. మొదటి వారంలో సాధారణంగా పట్టుబడి బాగుంటుంది. అన్ని పడవలూ ఒకేసారి చేప తీసుకురావడంతో ఒడ్డున ధర పడిపోతుంది. మంచు నిల్వ, శీతల గిడ్డంగి దగ్గరలో లేని పాళెంలో ఉదయం వచ్చిన చేపను మధ్యాహ్నంలోగా ఇచ్చివేయక తప్పదు. మే నెలలో పెట్టుబడి తీసుకున్నవాని చేపకు వ్యాపారి చెప్పినదే ధర. సంఘం నుండి తీసుకున్నవాడు కనీసం ఇద్దరు ముగ్గురిని అడిగి చూడగలడు. ఆ పైన జూలై నుండి అలల ఉద్ధృతి, అక్టోబరు నుండి తుపానులు. 1989 నవంబరులో కావలి వద్ద తీరం దాటిన పెను తుపాను ఈ తీరపు పెద్దలకు ఇప్పటికీ ఒక కాలమానం. తుపాను హెచ్చరిక ఉన్న రోజులలో కూడా పడవలు ఒడ్డునే ఉంటాయి, ఆ రోజులకు భృతి ఏదీ లేదు.